సూక్ష్మజీవుల కత్తి, నెల్లూరు రొయ్య

నెల్లూరు పట్టణము నుండి తూర్పుగా మైపాడు దారిని గాని, ఆగ్నేయముగా ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నము దారిని గాని పోవువారికి, వరిచేలు ముగిసిన చోట రొయ్యల గుంటలు కనబడ నారంభించును. చదరపు గట్లు, గట్టున ఒక కాపలా పాక, నీటిని చిలుకుచు తిరుగు ఏరేటర్లు, రాత్రివేళ దీపముల వరుస. బకింగుహాము కాలువ పొడవునను, కండలేరు సముద్రములో కలియు ఉప్పుటేరుల వెంబడిని, ఒకప్పుడు ఉప్పు పేరిన బయళ్లుగా పడియున్న భూములలో 1990 ప్రాంతమునకు టైగరు రొయ్య పెంపకము బాగుగా వ్యాపించినది. కౌలుకు భూమి తీసికొన్నవారు, అప్పు చేసి గుంట త్రవ్వించినవారు, ఉన్న ఉద్యోగమును విడిచి గట్టు మీదికి వచ్చినవారు కూడ కలరు.

1994వ సంవత్సరము చివరి నెలలలో ఈ తీరమున ఒక విపరీతము సంభవించినది. నిన్నటి వరకు మేతకు ఎగబడిన రొయ్యలు ఉన్నట్టుండి మేత మానినవి. గట్టు ప్రక్కకు వచ్చి నీటి అంచున సోలి పడినవి. పట్టి చూచినచో తలపెంకు లోపలి వైపున తెల్లని మచ్చలు కనబడినవి. మచ్చలు కనబడిన తరువాత మూడు మొదలు పది దినములలో గుంట అంతయు ఖాళీ. ఒక గుంటలోని నీటిని తోడి కాలువలోనికి వదలగా, ఆ కాలువ నుండియే నీరు తోడుకొను క్రింది గుంటకును తెగులు సోకినది. ఈ వ్యాధి 1992లో తైవాను ద్వీపమున, 1993లో జపానులో కనబడి, మన తూర్పు తీరమునకు వచ్చినది. కారణము ఒక వైరసు. దానినే తెల్లమచ్చల వైరసు అందురు.

నేడు అదే తీరమున రైతు హేచరీకి పోయి పిల్లలను కొనునప్పుడు ధర అడుగుటకు ముందే, 'పి.సి.ఆర్. చేయించినారా?' అని అడుగును. హేచరీవారు ఒక కాగితము చూపుదురు. కన్ను మిటకరించి చూచినను సరిగా కనబడని రొయ్యపిల్లలో, ఏ సూక్ష్మదర్శినికిని తేలికగా చిక్కని వైరసు ఉన్నదా లేదా అని ఆ కాగితము చెప్పును. ఆ ఒక్క ప్రశ్న వెనుక సుమారు నలుబది సంవత్సరముల చరిత్ర కలదు. అది మొదలైనది రొయ్యలతో కాదు, వైద్యముతోను కాదు. బాక్టీరియా అను ఏకకణ జీవుల ఇంటి తగవుతో మొదలైనది.

బాక్టీరియాలకు కూడ వైరసులు శత్రువులే. బాక్టీరియాను పట్టి చంపు వైరసునకు 'ఫేజ్' అని పేరు. 1952లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున సాల్వడార్ లూరియా, ఆయన సహచరురాలు మేరీ హ్యూమన్ ఒక చిత్రమును గమనించినారు. ఒక జాతి బాక్టీరియాలో పెరిగిన ఫేజ్, వేరొక జాతిలో ప్రవేశించినచో చాల వరకు పెరుగలేకపోవుచున్నది. ఒక పరీక్షనాళిక పగులుట చేత, చేతికి దొరికిన వేరొక బాక్టీరియాను వాడవలసి వచ్చి, ఆ ఆకస్మికము వలన ఈ సంగతి బయటపడినదని లూరియా తరువాత వ్రాసికొన్నారు. మరుసటి సంవత్సరము బెర్టాని, వీగల్ అనువారు కూడ ఇట్టి ఫలితమునే పొందినారు. ఫేజ్ ఏ ఊరికి పోవచ్చునో, ఏ ఊరికి పోరాదో ఎవరో హద్దు గీయుచున్నట్లుగా ఉన్నది కనుక దీనికి 'రిస్ట్రిక్షన్', అనగా హద్దు విధించుట, అని పేరు పెట్టినారు. పేరు నిలిచినది. కారణము మాత్రము పది సంవత్సరముల వరకు తెలియలేదు.

తెలిపినవారు స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరములో పనిచేయుచున్న వెర్నర్ ఆర్బర్, డైజీ డుసా. 1962లో వీరు చెప్పినది ఇది: ప్రవేశించిన ఫేజ్ యొక్క డి.ఎన్.ఏ.ను బాక్టీరియా ముక్కలు చేయుచున్నది. డి.ఎన్.ఏ. అనగా జీవి యొక్క సమస్త వివరమును నాలుగే నాలుగు అక్షరములతో, ఏ, టి, జి, సి అనువానితో, వ్రాసియుంచిన జంటపేట దారము. ఒక పేటలో ఏ ఉన్నచోట ఎదుటి పేటలో టి ఉండును. జి ఉన్నచోట సి ఉండును. శత్రువు యొక్క దారమును కోయు కత్తి బాక్టీరియా వద్ద ఉన్నచో, ఆ కత్తి తన దారమును ఏల కోయదు? మందలో పశువునకు యజమాని గుర్తు వేసినట్లు, బాక్టీరియా తన దారముపై అక్కడక్కడ ఒక చిన్న రసాయనిక ముద్ర వేసికొనును. ముద్ర ఉన్నది తనది. ముద్ర లేనిది పరాయిది. పరాయిదానికే కత్తి.

ఆర్బరుగారికి 1978లో నోబెలు బహుమతి వచ్చినప్పుడు పదేండ్ల వయసు గల ఆయన కుమార్తె సిల్వియా ఈ సంగతిని ఒక రాజు కథగా అల్లుకొన్నది. ప్రతి బాక్టీరియాలోను సన్నగా పొడవుగా ఉండు ఒక రాజు, పొట్టిగా లావుగా ఉండు సేవకులు కలరట. సేవకులలో ఒకని చేతిలో కత్తెర ఉండునట. పరాయి రాజు కోటలోనికి వచ్చినచో వాడు ముక్కలు చేయునట. మేము పిల్లల కార్యక్రమములకు విజ్ఞాన విషయములు వ్రాయించుటకు ఎన్నో తంటాలు పడుదుము. ఇంత సులువుగా చెప్పినవారిని నేను ఎక్కువ మందిని చూడలేదు. ఆ బాలిక పెద్దదై తానును శాస్త్రజ్ఞురాలైనది.

కత్తి కలదని తెలిసినది గాని, అది ఎక్కడ కోయునో ఇంకను తెలియదు. అది తెలిసినది అమెరికాలో బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో. హామిల్టన్ స్మిత్, ఆయన విద్యార్థి కెంట్ విల్కాక్స్ మానవుల గొంతులో నివసించు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అను బాక్టీరియాతో ప్రయోగములు చేయుచుండిరి. వారి పరీక్ష మన వంటయింటివారికి సులభముగా బోధపడును. డి.ఎన్.ఏ. ద్రవము తీగపాకము వలె చిక్కగా ఉండును. పొడవైన దారములు తెగినచో పాకము పలుచనగును. బాక్టీరియా నుండి తీసిన రసమును దాని సొంత డి.ఎన్.ఏ.లో కలిపినారు. చిక్కదనము తగ్గలేదు. ఫేజ్ డి.ఎన్.ఏ.లో కలిపినారు. క్షణక్షణమునకు పలుచనైనది. ఆ రసములో కత్తి ఉన్నదని రుజువైనది. 1970లో ప్రకటించిన పరిశోధనలో ఆ కత్తి ఎక్కడబడితే అక్కడ కోయదని, ఆరక్షరముల ఒక ప్రత్యేకమైన వరుసను చూచి అక్కడనే కోయునని తేల్చినారు. దాని పేరు హిండ్-2. అదే సంస్థలో డేనియల్ నాథన్స్, క్యాథలీన్ డాన్నా 1971లో ఆ కత్తితో కోతులలో కనబడు ఒక వైరసు డి.ఎన్.ఏ.ను కోసి చూడగా సరిగా 11 ముక్కలు వచ్చినవి. ఎన్నిమార్లు కోసినను ఆ 11 ముక్కలే! చిందరవందర పని కాదు, కొలబద్ద పెట్టి కోసినట్టి పని. ఆర్బర్, నాథన్స్, స్మిత్ ముగ్గురును 1978 నోబెలు బహుమతిని పంచుకొన్నారు.

ఆ ఆరక్షరములలో ఒక చమత్కారము కలదు. ఉదాహరణకు జి-టి-సి-జి-ఏ-సి అను వరుసను చూడుడు. దీనికి ఎదుటి పేటలో ఉండవలసినవి సి-ఏ-జి-సి-టి-జి. ఈ రెండవ పేటను వెనుక నుండి చదివినచో మరల జి-టి-సి-జి-ఏ-సి. మన తెనాలివానికి తగిలించిన 'వికటకవి' బిరుదు ఎటు నుండి చదివినను ఒకటే గదా! ఇది దానికి కొంచెము దూరపు చుట్టము. ఒకే పేటను వెనుకకు చదువుట కాదు, ఎదుటి పేటను వెనుకకు చదువుట. కత్తి రెండు పేటలను ఒకే విధముగా గుర్తించి, రెండింటిని కోయుటకు ఈ పొందిక పనికివచ్చును. ఒక ఆరక్షరముల వరుస లెక్క ప్రకారము సగటున 4,096 అక్షరములకు ఒకమారు తటస్థపడును. కావున ముక్కలు మరీ చిన్నవియు కావు, మరీ పెద్దవియు కావు.

ఇక కోయు తీరు. నేను ఈ ఉద్యోగములో చేరిన తొలి దినములలో అయస్కాంతపు టేపు ఇంకను కొంత వాడుకలో ఉండెడిది. ప్రసంగములో ఒక తడబాటును తీసివేయవలెనన్న, టేపును బ్లేడుతో కోసి, ఆ ముక్కను పారవేసి, మిగిలిన రెండు కొసలను జిగురుపట్టీతో అతికెడివారము. టేపును నిలువుగా తిన్నగా కోసినచో అతుకు వద్ద టక్కుమని చప్పుడు వినబడును. ఏటవాలుగా కోసినచో ఒక కొస రెండవ కొసతో ఒదిగిపోయి, అతుకు చెవికి తెలియదు. నేను వేసిన మొదటి అతుకు ఒక ఆలాపన నడుమ టక్కుమన్నది. ఆనాడు పడిన చివాట్లతో నాకు ఏటవాలు కోత వచ్చినది.

పైన చెప్పిన ఆరక్షరములనే స్మిత్ కనుగొన్న హిండ్-2 సరిగా నడుమ, తిన్నగా కోయును. మట్టిలో నివసించు స్ట్రెప్టోమైసిస్ ఆల్బస్ అను బాక్టీరియాకు కూడ ఒక కత్తి కలదు. దాని పేరు సాల్-1. ఇది ఆ ఆరక్షరములనే గుర్తించును గాని, ప్రతి పేటలోను మొదటి జి తరువాత కోయును. కనుక కోత ఏటవాలుగా పడి, ఒక్కొక్క కొసన నాలుగక్షరములు ఒంటిపేటగా వ్రేలాడును. అట్టి కొస తనకు జతయైన మరియొక కొస దొరికినచో దానిని అంటుకొనును. ఇవే జిగురు కొసలు. సాల్-1తో కోసిన ముక్క ఏ జీవిదైనను సరే, సాల్-1తో కోసిన వేరొక ముక్కతో కలియును. రొయ్యదా, ఈస్టుదా, మనిషిదా అని కొసలు అడుగవు.

కలిసినంత మాత్రమున అతుకు గట్టిపడదు. దానికి జిగురుపట్టీ కావలెను. అట్టి ఎంజైము, లైగేసు, 1967లో పలు ప్రయోగశాలలలో ఇంచుమించు ఒకేమారు బయటపడినది. ప్రతి జీవకణములోను తెగిన డి.ఎన్.ఏ.ను బాగుచేయుట దాని నిత్యకృత్యము. దానిని అద్భుతముగా వాడుకొన్నవారు మన భారతదేశమున జన్మించిన హరగోవింద్ ఖొరానా. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో ఆయన బృందము చిన్న చిన్న డి.ఎన్.ఏ. తునకలను రసాయనికముగా తయారుచేసి, లైగేసుతో అతికి, 77 జతల అక్షరములు గల ఒక సంపూర్ణమైన జన్యువును 1970లో నిర్మించినది. అప్పటికి అది ఈస్టు కణములోని ఒక జన్యువునకు నకలు మాత్రమే. మనిషి చేతితో అతికిన తొలి జన్యువు అదే.

1972 నవంబరులో హవాయి ద్వీపములలోని హోనొలులు నగరమున ఒక సమావేశము జరిగినది. స్టాన్‌ఫర్డు నుండి వచ్చిన స్టాన్లీ కోహెన్ వద్ద బాక్టీరియాలో తనంతట తాను పెరుగు చిన్న డి.ఎన్.ఏ. వలయములు, ప్లాస్మిడ్లు, ఉన్నవి. శాన్ ఫ్రాన్సిస్కో నుండి వచ్చిన హెర్బర్ట్ బోయర్ వద్ద ఏటవాలుగా కోయు ఈకో-ఆర్-1 అను కత్తి ఉన్నది. ఒకరి వలయమును మరియొకరి కత్తితో కోసి, నడుమ పరాయి ముక్కను చేర్చి, లైగేసుతో మూసినచో ఏమగును? 1973లో చేసి చూపినారు. వలయము బాక్టీరియాలోనికి పోయినది. బాక్టీరియా ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగిన కొలది లోపలి ముక్కయు పెరిగినది. దీని వలన ఏమి ప్రమాదము వచ్చునోయని శాస్త్రజ్ఞులే భయపడి, కొన్ని ప్రయోగములను తామే ఆపి, 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్ వద్ద కూడి నిబంధనలు వ్రాసికొన్నారు. తమ చేతులకు తామే కళ్లెము వేసికొన్న శాస్త్రజ్ఞులు చరిత్రలో అరుదు.

ఈ అతుకు పని నెల్లూరు జిల్లాకు రెండు దారులలో వచ్చినది. మొదటిది మానవుల కామెర్ల దారి. హెపటైటిస్-బి వైరసు కాలేయమును పట్టి, కొందరిలో ఏండ్ల తరబడి దాగి, తుదకు ప్రాణము తీయును. దానికి మొదట వచ్చిన టీకా, రోగకారకమును మోయు మనుష్యుల రక్తము నుండి తీసినది. అంత రక్తము ఎక్కడిది? దాని భయము మాత్రము తక్కువయా? ఆ వైరసు మొత్తము డి.ఎన్.ఏ. సుమారు 3,200 అక్షరములే. అందులో పైపొరను తయారుచేయు భాగమును మాత్రము తీసి ఈస్టు కణములలో చేర్చినచో, ఈస్టు ఆ పొర పదార్థమును తయారుచేయునని 1982లో రుజువైనది. 1986లో అట్టి టీకా అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. వైరసు లేదు, రక్తము లేదు. శత్రువు యొక్క చొక్కా మాత్రము చూపి శరీరమునకు గుర్తు నేర్పుట. కాని మన దేశమునకు దిగుమతియైన ఆ టీకా ఒక్క డోసు వందల రూపాయలు. ఒక బిడ్డకు మూడు డోసులు కావలెను. కూలినాలి చేసికొను ఇంటిలో ఆ మాట ఎవరు తలపెట్టుదురు?

నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెములో 1948లో జన్మించిన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు వైద్యులు కారు, జీవశాస్త్రజ్ఞులును కారు. ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. విదేశపు సంస్థ నొకదానిని ఈ విద్య ఇమ్మని అడిగినప్పుడు ఎదురైన తిరస్కారమును ఆయన పలు సభలలో చెప్పియున్నారు. 1993లో తల్లిగారి పేర హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను ప్రారంభించినారు. పని మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత అదే నగరములోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములోను సాగినది. ఆ సంస్థ ఎన్నుకొన్నది పికియా పాస్టోరిస్ అను వేరొక జాతి ఈస్టు. 1997 ఆగస్టులో 'శాన్‌వాక్-బి' అను పేరుతో టీకా బయటికి వచ్చినది. డోసు ధర 50 రూపాయలు. మన దేశములో ఈ అతుకు విద్యతో తయారై బజారునకు వచ్చిన తొలి టీకా అదే. (ఈ పెద్దమనిషియే తరువాత 'హాసం' అను హాస్య సంగీత పత్రికను కూడ నడిపినారు. ఆ పత్రికను చదివిన శ్రోతలు మనలో చాలమంది ఉందురు.) 2011 నాటికి ఈ టీకా దేశమంతటను శిశువులకు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు టీకాలలో చేరినది. నేడు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు మొదటి దినముననే ఇచ్చుచున్నారు.

రెండవ దారి రొయ్యలది. తెల్లమచ్చల వైరసు డి.ఎన్.ఏ. చాల పెద్దది, సుమారు 3 లక్షల జతల అక్షరములు. 1994లో దాని సంపూర్ణమైన పాఠము ఎవరికిని తెలియదు. అది తెలిసినది 2001లో. అంతవరకు రైతు ఆగగలడా? తైవానులో గ్రేస్ లో, ఆమె సహచరులు ఆ పాఠము కొరకు వేచియుండలేదు. వైరసు డి.ఎన్.ఏ.ను సాల్-1తో కోసినారు. వచ్చిన ముక్కలను ప్లాస్మిడ్లలో అతికి, బాక్టీరియాలో పెంచినారు. అట్లు పెంచిన ముక్కలలో ఒకటి 1,461 జతల అక్షరములు గలది, మొత్తములో సుమారు రెండువందలవ వంతు. దానిని చదివినారు. ఆ అక్షరముల ఆధారమున, అటు ఇటు కొసలలో అతుకుకొను చిన్న తునకలను తయారుచేసి, 1996లో ప్రకటించినారు.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. పి.సి.ఆర్. అను పరీక్షలో కత్తి లేదు, అతుకు లేదు. 1980 దశకమున కేరీ మల్లిస్ కనుగొన్న ఆ పద్ధతి, రెండు గుర్తుల నడుమనున్న డి.ఎన్.ఏ.ను వేడిచేయుచు, చల్లార్చుచు, లక్షల నకళ్లుగా పెంచును. అయితే ఆ రెండు గుర్తులు ఎక్కడ పెట్టవలెనో తెలిసియుండవలెను గదా? తెలియజేసినది సాల్-1 కోసిన ఆ ముక్కయే. పరీక్ష రెండు అంచెలుగా జరుగును. మొదటి అంచెలో 1,447 జతల ముక్కయు, దాని లోపల నుండి రెండవ అంచెలో 941 జతల ముక్కయు పెరుగును. రొయ్యపిల్లలో వైరసు అతి స్వల్పముగా ఉన్నను రెండవ అంచెలో గీత కనబడును. గీత కనబడిన తొట్టిలోని పిల్లలను కొనరాదు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని తన గ్రంథమున చేర్చినది.

మన తీరమున పరీక్షశాలలు హేచరీల ప్రక్కన వెలసినవి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరముల పెంపక సంస్థ ఈ పరీక్షకు దేశీయమైన సామగ్రిని రూపొందించినది. ఈ నడుమ 1996 డిసెంబరులో సముద్రతీరపు రొయ్యల గుంటలపై సుప్రీముకోర్టు తీర్పు వచ్చినది, 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. ఆ వ్యవహారము వేరొక ప్రసంగమునకు తగినంత ఉన్నది.

పరీక్ష వచ్చిన తరువాత తెగులు పోయినదా? పోలేదు. పిల్లలు శుభ్రమైనవే అయినను, కాలువ నీటిలో వచ్చు పీతలు, అడవి రొయ్యలు వైరసును మోసికొని రాగలవు. అందుకే గుంట చుట్టు పీతలు ఎక్కకుండ వల కట్టుచున్నారు, కొంగలు వాలకుండ పైన దారములు లాగుచున్నారు. మనిషి బిడ్డకు ఈస్టు తయారుచేసిన టీకా వేసినట్లు రొయ్యకు వేయుటకు వీలులేదు. టీకా చూచి, గుర్తుపెట్టుకొని, ప్రతిరక్షకములను తయారుచేయు శక్తి రొయ్య శరీరమునకు లేదు. ఫేజ్ వచ్చినప్పుడు బాక్టీరియా కత్తి తీయును. ఆ కత్తియు రొయ్యకు లేదు.

2009 నుండి గుంటలలోనికి వన్నామీ అను అమెరికా జాతి రొయ్య వచ్చి, టైగరు స్థానమును చాల వరకు ఆక్రమించినది. దానికిని తెల్లమచ్చల వైరసు సోకును. పిల్లలను కొనుటకు పోవు రైతు నేటికిని ధరకు ముందు ఆ కాగితమునే అడుగుచున్నాడు. వ్యాధి సోకిన గుంటకు మాత్రము మందు ఇంకను రాలేదు.